రేకు మీద మిడతల వాన

ఇవాళ మధ్యాహ్నం ఎండ కాస్తుండగానే వాన మొదలైంది. అరకులో అదేమంత వింత కాదు. నా వర్క్‌షాపు పైకప్పు రేకులది కాబట్టి మొదటి చినుకులు విడివిడిగా వినిపిస్తాయి. టప్‌మని ఒకటి, కాసేపాగి ఇంకొకటి, తరువాత గబగబా నాలుగైదు. వాన జోరందుకున్నాక అది అందరి ఇళ్ళ మీదా పడే చప్పుడే, దానితో నాకు పని లేదు. నాకు కావలసింది ఆ మొదటి నిమిషమే. మంచి ఎండలో పలచని రేకుకు మిడతలు ఎగిరొచ్చి గుద్దుకుంటే సరిగ్గా అలాగే వినిపిస్తుంది. ఆ చప్పుడు నేను మొదటిసారి విన్న రోజున చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నా పక్కన పరుగెడుతూ లోయంతా వినేలా నవ్విన మనిషి పేరు పైడమ్మ.

నిజం చెప్పాలంటే ఈ చినుకులు పడే సమయానికి నేను మంచి కోపంలో ఉన్నాను. నెలల తరబడి కిందా మీదా పడి తయారుచేసిన యంత్రాన్ని చూడటానికి బుద్రి వచ్చింది. బుద్రి మా పక్క ఊరి రైతు, నా యంత్రాలన్నిటికీ మొదటి పరీక్ష ఆమె చేతిలోనే. ఇది కాఫీ తోటల్లో నేలరాలిన పళ్ళను ఏరే యంత్రం. కాఫీ పండును తొలిచే నల్లపురుగు ఆ రాలిన పళ్ళలోనే దాక్కుని, మళ్ళీ కాపుకు చెట్టెక్కుతుంది. వాటిని ఏరేస్తే చాలావరకు దాని పీడ వదులుతుంది. బుద్రి యంత్రాన్ని షెడ్డు వెనక వాలులో అటూ ఇటూ తోసి చూసింది. తిరిగొచ్చి పిడి వదిలేసి, "ఇది మా తోటలో నడవదు పాపా" అంది. నా ముఖం మాడిపోయింది. ఏదో గట్టిగానే అనబోయాను. అప్పుడే పైన చినుకులు మొదలయ్యాయి. నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో తెలియాలంటే పైడమ్మ గారి గురించి చెప్పాలి.

ఆమెది సాలూరు. కొండ దిగగానే వచ్చే ఆ ఊళ్ళో ఎటు చూసినా లారీలే. పైడమ్మ గారి నాన్న లారీ బాడీలు కట్టేవాడు. చిన్నప్పటి నుంచీ ఆ షెడ్డులోనే తిరిగిన పైడమ్మ గారికి రేకు కొయ్యడం, వంచడం, రివిట్లు కొట్టడం అన్నం కలుపుకోవడమంత అలవాటు. తండ్రి పోయాక తమ్ముళ్ళతో మాటామాటా వచ్చింది. "ఆడదానివి, నీకు షెడ్డులో ఏం పని" అన్నారట. ఆమె తన పనిముట్లన్నీ ఒక వ్యానులో వేసుకుని కొండెక్కి వచ్చేసి, అరకు రోడ్డు పక్కన సొంత షెడ్డు పెట్టుకుంది. ధాన్యం డబ్బాలు, ఇంటి చూరుకు నీళ్ళ గొట్టాలు, కాఫీ పళ్ళు కడిగే తొట్లు చేసేది. ఆ సంగతి చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతులో ఏడుపు ఉండేది కాదు. తమ్ముళ్ళను వాళ్ళ నడకతో సహా అనుకరించి చూపించేది, మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, ఊరికి తిరిగొచ్చి ఉద్యోగం కోసం చూస్తున్న రోజుల్లో ఆమె దగ్గరికి వెళ్ళాను. సర్టిఫికెట్లు చూపించబోతే చేత్తో పక్కకు తోసి, ఒక రేకు ముక్క ఇచ్చి అంచు మడవమంది. మడిచాను. మడుస్తూ వేలు కోసుకున్నాను. ఆమె తన కొంగు చివర చించి కట్టు కట్టి, "నీ రక్తం మా రేకు తాగినాది. ఇంకేటి, రేపటి నుంచి వొచ్చీ" అంది. అదే నా ఇంటర్వ్యూ. సాలూరు వైపు అక్కను అప్ప అంటారు. వారం తిరిగేసరికి నేనూ ఆమెను అప్పా అని పిలవడం మొదలుపెట్టాను. నా పేరు చిలకమ్మ అయినా ఆమె నోట ఎప్పుడూ గుంటనే, అంటే పిల్లనే.

అప్పకు ఒక పిచ్చి ఉండేది. ఎప్పుడో ఒక వ్యవసాయ ప్రదర్శనకు సరుకు తీసుకువెళ్ళినప్పుడు అక్కడి గోడ మీద పాతకాలం యంత్రాల బొమ్మలు చూసిందట. పురుగుమందులు రాకముందు, ఏవేవో దేశాల్లో, పంటల మీది పురుగుల్ని ఏరడానికి జనం చేసుకున్న యంత్రాలు. గుర్రం లాగే పొడవాటి రేకు తొట్టి ఒకటి, దాని వెనక గోడకు మిడతలు గుద్దుకుని కిందున్న తారులో పడతాయి. బంగాళదుంప మొక్కల్ని రెండు పక్కల నుంచీ చీపుళ్ళతో తట్టి పురుగుల్ని రాల్చే తోపుడు బండి ఇంకొకటి. చక్రం తిరుగుతుంటే గాలి పీల్చి పురుగుల్ని సంచిలోకి లాగే పెట్టె మరొకటి. మధ్యాహ్నం అన్నాల దగ్గర అప్ప వీటిని సినిమా కథల్లా చెప్పేది. కంచం తొట్టి అయ్యేది, మెతుకులు మిడతలయ్యేవి, ఎడమ చెయ్యి గుర్రం అయ్యేది.

"మందులు లేనప్పుడు మనుసులు సేతులు ముడుసుకుని కూకున్నారనుకున్నావేటి?" అనేది. "ఎవుడికి తోసింది ఆడు సేసీసినాడు. ఒకడు ఊడిసినాడు, ఒకడు దులిపినాడు, ఒకడు పీల్సినాడు."

"మరి అవన్నీ ఏమైపోయాయప్పా?" అని అడిగాను ఒకసారి.

"మందు డబ్బా వొచ్చినాది కదే. మూత తీసి కొట్టీడం సులువు. బళ్ళన్నీ మూల పడిపోనాయి." ఇంకో ముద్ద కలుపుకుని, "అయితే ఏటి, రేకే కదా. రేకు సావదు. ఎవులో ఒకలు లెగదీస్తే మళ్ళీ లెగుత్తాది" అంది. డిప్లొమా చదివినన్నాళ్ళూ యంత్రమంటే ఎక్కడో కంపెనీలో పుట్టి మన దగ్గరికి వచ్చేది అనుకున్నాను. కంచం ముందు కూర్చున్న ఈ మనిషి అది మన చేతుల్లోంచి కూడా పుట్టొచ్చంటోంది.

ఆ ఏడాది వలిసె అనే నూనెగింజల పంట పూత మొదలైన రోజుల్లో బుద్రి మా షెడ్డుకు వచ్చింది. అప్పటికి నాకు ముఖపరిచయం మాత్రమే. లోయ అడుగున వాళ్ళ వరి మడులు మెట్లు మెట్లుగా ఉంటాయి. వరి పాలు పోసుకుంటోంది, సరిగ్గా అప్పుడే మిడతలు దిగాయి. ఎన్ను కాడను కొరికేస్తున్నాయట. ఏడాది తిండి ఆ మడుల్లోనే ఉంది. భర్త సుక్రా వచ్చే సంతలో పురుగుమందు కొనుక్కొస్తానంటున్నాడు. అదే బుద్రి భయం. వాళ్ళ ఊరు కాఫీ గింజలు మంచి ధరకు పోయేది ఆ ఊళ్ళో ఎవరూ, ఏ పంట మీదా మందు కొట్టరన్న మాట మీదే. ఒక్కళ్ళు కొట్టినా ఊరు ఊరంతటినీ కాఫీ సంఘం నుంచి తీసేస్తారు.

"కొడితే ఊరోళ్ళు మా ముకం సూడరు. కొట్టకపోతే పిల్లలకి తిండి లేదు" అంది బుద్రి. "మీ కాడ ఏటైనా ఉంటాదేమో అని వొచ్చేను."

అప్ప నా వైపు చూసింది. ఆ కళ్ళలో వెలుగు నాకిప్పటికీ కనిపిస్తుంది. గుర్రపు తొట్టికి వేళయింది.

మరునాటి నుంచీ షెడ్డులో వేరే పని లేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు ఇద్దరికీ ఒళ్ళు తెలియలేదు. అప్పకు వచ్చిన విద్య ఒక్కటే, లారీ బాడీ కట్టడం. కాబట్టి మిడతల తొట్టి కూడా లారీ బాడీలాగే తయారైంది. చుట్టూ ఇనప యాంగిల్ ఫ్రేము, వెనక నిలువుగా రేకు గోడ, పక్కన గొలుసులతో దించే తలుపు, నాలుగు చక్రాలు, ప్రతి చక్రం మీదా మడ్‌గార్డు. తరువాత సాలూరు నుంచి పెయింటరును పిలిపించింది. లారీలకు వేసే పసుపు రంగు నిండుగా పూయించి, పక్కల తామరపువ్వులు వేయించి, వెనక దిష్టిబొమ్మ గీయించి, దాని కింద 'హారన్ ప్లీజ్' అని రాయించింది.

"మిడతలు హారన్ కొడతాయా అప్పా?" అన్నాను.

"రాత లేని బండి బండేటే? నువ్వు నోర్ముయ్" అంది.

సంతకు ముందురోజు దాన్ని వ్యానులో ఎక్కించుకుని బుద్రి వాళ్ళ ఊరు చేరాం. ఊరంతా పోగై ఊరేగింపు బండిని చూసినట్టు చూశారు. పదిమంది పట్టి మడుల దాకా దించారు. మొదటి గట్టు దిగగానే నాలుగు చక్రాలూ బురదలో దిగబడిపోయాయి. ముందుకు నెట్టామా, దాని కింద పడ్డ వరి మళ్ళీ లేవలేదు. మిడతలకంటే మేమే ఎక్కువ నష్టం చేసేలా ఉన్నాం. ఎవరో నవ్వారు, తరువాత అందరూ నవ్వారు. సుక్రా మాత్రం నవ్వలేదు. "రేపు సంతకెళ్ళాలి" అని గట్టు మీద నుంచే వెనక్కి తిరిగాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అప్ప బురదలో నిలబడి తన బండిని చూస్తూ ఉండిపోయింది. నష్టమో, పరువో, తమ్ముళ్ళ మాటలో, ఏం తలుచుకుంటోందో తెలియలేదు. కాసేపటికి సంచిలోంచి రేకు కత్తెర తీసింది. అది వాళ్ళ నాన్నది, పిడికి చుట్టిన గుడ్డ చెమటకు నల్లబడి ఉండేది. దాన్ని పట్టుకుని నేరుగా బుద్రి ముందుకు వెళ్ళింది.

"ఎక్కడ కొయ్యాలో సెప్పు" అంది.

బుద్రికి అర్థం కాలేదు. అప్ప మళ్ళీ అదే మాట అంది, ఈసారి ఇంకా మెల్లగా. బుద్రి భయపడుతూనే చక్రాలు చూపించింది. అవి ఊడిపోయాయి. గొలుసుల తలుపు చూపించింది. అదీ పోయింది. యాంగిల్ బోల్టులు విప్పేశాం. రెండు కొసల్లోనూ అంత పొడవు అక్కర్లేదంటే అప్ప తామరపువ్వుల మధ్య నుంచే కత్తెర నడిపించింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, ఆమెకు తిరగలేదు. చివరికి మిగిలింది పలచని పొడవాటి తొట్టి, దాని వెనక నిలువుగా ఒక రేకు గోడ, అంతే. అప్పుడు నాకు ఆ మెట్ల మడులు కొత్తగా కనిపించాయి. ఒక్కో మడీ సన్నం, అటూ ఇటూ గట్లు. ఈ చివరొకరు, ఆ చివరొకరు గట్ల మీద నడుస్తూ, నడుమ వెదురు కర్రకు తొట్టిని కావడిలా వేలాడదీస్తే చేలో కాలు పెట్టే పనే లేదు. తొట్టి అంచు వరి తలల్ని తాకుతూ పోతుంది, అదిరిపడ్డ మిడత ఎగిరి గోడకు కొట్టుకుంటుంది. చెప్పాను.

"ఇంతసేపూ నోట్లో ఏటి పెట్టుకున్నావే?" అంది అప్ప.

"నువ్వు బాధపడతావని."

"పడ్డానే. లేదనలేదు. నా బాద సూసి మిడతలు తిండి మానెత్తాయేటి?"

సంత రోజు తెల్లవారుతూనే మడుల దగ్గర ఉన్నాం. కొత్త లారీ రోడ్డెక్కేటప్పుడు చేసినట్టే అప్ప తొట్టికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాలు లేవు కాబట్టి నిమ్మకాయల్ని మా కాళ్ళ కిందే పెట్టి తొక్కించింది. కొబ్బరికాయ కొట్టాక బండి ఆగకూడదని ఆమె పట్టు. తొట్టిలో కుంకుడు నీళ్ళు పోశాం, అందులో పడ్డ పురుగు పైకి రాలేదు. ఒక చివర నేను, ఒక చివర బుద్రి కర్ర భుజానికెత్తుకుని నడిచాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఆ చివరనున్న బుద్రి నాకు కనిపించలేదు. మడి ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళాం. తొట్టిలో ఒక్క మిడత లేదు. వంగి చూస్తే చలికి బిగుసుకుపోయి, వరి కాడల్ని కరుచుకుని ఉన్నాయి. తొట్టి అంచు తగిలినా కదలవు.

పైన రోడ్డు మీద సంతకు వెళ్ళే జీపు ఆగిన చప్పుడు వినిపించింది. సుక్రా సంచి పట్టుకుని బయలుదేరాడు. బుద్రి అతను నడుస్తున్న వైపే చూస్తోంది.

"ఎండ రావాలప్పా" అన్నాను. "ఒళ్ళు వేడెక్కితేనే ఎగురుతాయి."

అప్ప తల పైకెత్తి మంచును చూసి, "బేగి రావే తల్లీ, జీపెల్లిపోతాది" అంది. ఎవరిని పిలిచిందో నాకిప్పటికీ తెలియదు. మేం ముగ్గురం గట్టు మీద కూర్చుని తూర్పు కొండ వైపే చూశాం. జీపు జనం నిండేదాకా కదలదు, అదొక్కటే మా ఆశ. మంచు ముందు పలచబడింది, తరువాత చిరిగింది, ఆ చిరుగులోంచి ఎండ మొదట పై మడి మీద పడింది. వలిసె చేలు పసుపుగా మెరిశాయి. అప్ప నన్ను భుజం పట్టి లేపింది.

కర్ర ఎత్తుకుని కదిలాం. తొట్టి అంచు వరిని తాకింది. టప్‌మంది ఒకటి. నేను ఆగబోతే అప్ప వెనక నుంచి "ఆగకు, ఆగకు" అంది. ఇంకొకటి. తరువాత గబగబా నాలుగైదు. పది అడుగులు వేసేసరికి రేకు మీద వడగళ్ళు పడ్డట్టు మోత. నా భుజం మీది కర్ర అదురుతోంది, ఆ అదురు గుండె దాకా తెలుస్తోంది. అవతల గట్టు మీద బుద్రి నోరు తెరిచి నవ్వుతోంది. మా ఇద్దరి అడుగులూ తమంతట తామే వేగమయ్యాయి. అప్ప కుచ్చిళ్ళు ఎగదోపుకుని గట్టు వెంట మాతో పరుగెడుతూ నవ్విన నవ్వు అదే, మొదట్లో చెప్పానే, అది. ఏ దేశంలోనో ఏ గుర్రం వెనకో మూలపడిన తొట్టి అరకు లోయలో లేచి నిలబడింది. అంత సంతోషం నేను మళ్ళీ ఎప్పుడైనా పడ్డానా అంటే, పడలేదు.

మడి చివరకు రాగానే బుద్రి ఉన్నట్టుండి కర్ర దించేసింది. తొట్టిలోకి చెయ్యి పెట్టి ఏదో తీసి మాకు చూపించింది. తేనెటీగ. ఇంకా చూస్తే చాలా ఉన్నాయి. వలిసె పూలకు వచ్చే ఈగలకు మా లారీ పసుపు రంగు పెద్ద పువ్వులా కనిపించినట్టుంది, ఎండ రాగానే తొట్టి మీద వాలడం మొదలుపెట్టాయి. "ఇవి సస్తే వలిసెకి గింజ పట్టదు" అంది బుద్రి. "వొద్దమ్మా, ఆపీండి."

ఈసారి అప్ప ఒక్క క్షణం కూడా నిలబడలేదు. సాలూరు పెయింటరు రెండు రోజులు కష్టపడి వేసిన రంగది. ఆమె మడిలో చెయ్యి ముంచి గుప్పెడు నల్లబురద తీసి మొదట తామరపువ్వు మీద కొట్టింది. మేమూ తలో చెయ్యి వేశాం. తొట్టి లోపలా బయటా పసుపన్నది కనిపించకుండా బురద మెత్తాం. వెనక ఉన్న రాత ఒక్కటీ వదిలెయ్యమని బతిమాలుకుంది, వదిలేశాం. మళ్ళీ ఎత్తుకుని నడిస్తే ఈగలు రావడం తగ్గిపోయింది, మిడతల మోత తగ్గలేదు.

అంతలో పైనుంచి జీపు హారన్ కొట్టింది. సుక్రా కోసం. అప్ప తొట్టి వెనక రాత వైపు చూపించి, "సూసినావా, రాసిందానికి పలికినాది" అంది. తల తిప్పి చూస్తే సుక్రా జీపు దగ్గర లేడు. ఎప్పుడు దిగి వచ్చాడో, గట్టు మీద నిలబడి తొట్టిలోకి చూస్తున్నాడు. జీపు మళ్ళీ హారన్ కొట్టింది. అతను ఖాళీ సంచిని గట్టు మీద పెట్టి, నా దగ్గరికొచ్చి, "నువ్వు దించు పాపా" అని కర్ర తన భుజానికి ఎత్తుకున్నాడు. జీపు అతను లేకుండానే వెళ్ళిపోయింది.

మిడతలన్నీ ఆ ఒక్క పూటకు పోలేదు. పంట పండేదాకా రోజూ ఎండ రాగానే ఎవరో ఒకరు తొట్టి ఎత్తారు. కొన్ని మడులు పాడయ్యాయి కూడా. కానీ బుద్రి ఇంట్లో ఆ ఏడాది కొత్త బియ్యం వండారు, ఊరు కాఫీ సంఘంలోనే ఉంది. కొత్త బియ్యం తినే పండుగ రోజున మా ఇద్దరికీ భోజనానికి ఆకులు వేశారు. ఆ తరువాత అప్ప, నేను ఎన్నో తొట్లు చేశాం, ఎన్నో దులిపే బళ్ళు చేశాం. సగం పనికి రాలేదు. పనికి రాని ప్రతిసారీ ఆమె మొదట ముఖం ముడుచుకునేది, తరువాత కత్తెర తీసేది. మోకాళ్ళు మొరాయించాక సాలూరు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు షెడ్డు నాకు అప్పజెప్పింది. పోయిన వానాకాలంలో ఆమె పోయిందని కబురొచ్చింది. కొండ దిగి వెళ్ళి ఆఖరి చూపు చూసి వచ్చాను. ఆమె లేని లోటు ఏమిటంటే, నేను ఏదైనా కొత్తది చేసినప్పుడు నాకంటే ముందు గంతులేసే మనిషి లేదు.

వాన ఇప్పుడు జోరందుకుంది. ఆ మొదటి నిమిషం అయిపోయింది. బుద్రి చూరు కింద నిలబడి వాన తగ్గితే వెళ్దామని చూస్తోంది. జుట్టు సగం నెరిసింది, నన్ను మాత్రం ఇంకా పాపా అనే పిలుస్తుంది. నా యంత్రం ఆకుపచ్చ రంగులో నిగనిగలాడుతూ షెడ్డు మధ్యలో ఉంది. దాని మీది రేకు డొప్పను ఎంత అందంగా వంచానో నాకు తెలుసు. అరలోంచి అప్ప కత్తెర తీశాను. పిడికి చుట్టిన గుడ్డ నాలుగైదుసార్లు మార్చాను, అది కూడా మళ్ళీ నల్లబడింది. బుద్రి ముందుకు వెళ్ళాను.

"ఎక్కడ కొయ్యాలో చెప్పు" అన్నాను.

బుద్రి నా ముఖంలోకి చూసింది, కత్తెర వైపు చూసింది. నా మాటలో అప్పను గుర్తుపట్టిందని నాకు అర్థమైంది. కొంగు నడుముకు చుట్టుకుని వంగి, నేను అన్నిటికంటే ఇష్టంగా వంచిన చోటే వేలు పెట్టి చూపించింది.